ఈడ పిల్లలకు చూపియ్యనీకె ఏమున్నది?

మా చిన్నాయన పోయాడన్న కబురు నాకు బడిలో ఉండగా అందింది. ఆఖరి పీరియడ్. నాలుగో తరగతి పిల్లల చేత కన్నడ పాఠం చదివిస్తున్నాను. ఫోన్ చేసింది చిన్నాయన కూతురు పద్మ. బడి వేళల్లో తను ఎన్నడూ చెయ్యదు.

"అక్కా, నాయన లేస్తలేడే" అంది.

మధ్యాహ్నం అన్నం తిని, కొంచెంసేపు ఒరుగుతానని పడుకున్నాడట. చాయ్ పెట్టి చిన్నమ్మ లేపబోతే అప్పటికే ఒళ్లు చల్లబడి ఉంది. డెబ్బై దాటిన మనిషి. ముందురోజు సాయంత్రం కూడా సైకిల్ తొక్కుకుంటూ కూరగాయలకు పోయొచ్చాడు.

నేను పాఠం పుస్తకం మూసేశాను. ముందు బెంచీలో పిల్ల ఒకతి ఏమైందని అడిగింది. "నమ్మ కాకా హోద్రు" అన్నాను, మా చిన్నాయన పోయారని. "యావ ఊరిగి టీచర్?" అంది ఆ పిల్ల. ఏ ఊరికి అని. తెలియక అడిగిన మాటే. కానీ బతికినన్నాళ్లూ ఏదో ఒక ఊరికి బయల్దేరుతూనే ఉన్న మనిషి ఆయన. ఏడుపులోనే నాకు నవ్వొచ్చింది.

ఆయన గురించి నాలుగు మాటలు రాయాలని అప్పటినుంచీ అనుకుంటున్నాను. పెద్దపెద్ద పనులేవీ చెయ్యలేదు. సెలవుల్లో పిల్లల్ని తిప్పాడు. అంతే. ఆ అంతేలో ఎంత ఉందో నాకు ఆలస్యంగా తెలిసింది.

మాది రాయచూరులో ఎప్పటినుంచో ఉన్న తెలుగు కుటుంబం. మా నాయనకు బజార్లో చిన్న గిన్నెల దుకాణం. ఆయన తమ్ముడు చిన్నాయన దుకాణంలో కూర్చునే రకం కాదు. కృష్ణ ఒడ్డున థర్మల్ కరెంటు కేంద్రం లేచిన కొత్తలో అక్కడ గుత్తేదారు కింద కూలీగా చేరాడు. రైలు వ్యాగన్లలో వచ్చే బొగ్గును దించే చోట పని. చాలా ఏళ్లు పర్మనెంటు కాలేదు, అందుకని కంపెనీ ఇల్లూ రాలేదు. కరెంటు కేంద్రం ఉన్న శక్తినగర్ పక్కనే దేవసూగూరులో రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాడు. మిద్దె ఎక్కితే పొగగొట్టాలు వరసగా కనిపించేవి. ఎండాకాలం సెలవులు వచ్చినా, దసరా సెలవులు వచ్చినా నాయన నన్నూ తమ్ముడు శ్రీనునూ అక్కడ దింపిపోయేవాడు. పద్మ మాకంటే చిన్నది. మేం ముగ్గురం, చిన్నాయన ఒక్కడు.

పనినుంచి రాగానే రెండుసార్లు స్నానం చేసేవాడు. ఒకసారి బొగ్గు పోవడానికి, రెండోసారి సబ్బు వాసన రావడానికి. ఎంత రుద్దినా కనురెప్పల అంచున నల్లటి పొడి ఉండిపోయేది, కాటుక పెట్టుకున్నట్టు. ఆ కాటుక కళ్లతోనే వారానికొక్క ఆఫ్ రోజున మమ్మల్ని వెంటేసుకుని బయల్దేరేవాడు. ఆఫ్ ఏ రోజు పడుతుందో ఆయనకే తెలిసేది కాదు. రాత్రి షిఫ్టు దిగి, నిద్ర కూడా పోకుండా, "పాండ్రి, పాండ్రి, జల్ది" అని తొందరపెట్టిన రోజులున్నాయి. సంచీలో చిన్నమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టెలు, పల్లికారం, ఉల్లిగడ్డ, నీళ్ల సీసాలు. బస్సెక్కితే ఆయన ఎప్పుడూ నిలబడేవాడు. కిటికీ పక్కన మేము.

మా మొదటి షికారు నాకు బాగా గుర్తుంది. రాయచూరు స్టేషన్లో ప్యాసింజరు ఎక్కించాడు. ఏ ఊరికి పోతున్నామంటే చెప్పలేదు. కృష్ణా నది మీది వంతెన రాగానే మమ్మల్ని ముగ్గుర్నీ ఒకే కిటికీ దగ్గరికి తోసి, "ఇగో, ఇప్పుడు చెవులు పెట్టి ఇనుండ్రి" అన్నాడు. నేలమీద పోతున్నంతసేపూ ఒక రకంగా ఉన్న రైలు చప్పుడు వంతెన మీద ఒక్కసారిగా మారిపోయింది. కింద బండల మధ్యన పాయలు పాయలుగా నీళ్లు, వాటిలో గేదెలు. అవతలి ఒడ్డున చిన్న స్టేషన్. అక్కడ దిగి, వేపచెట్టు కింద రొట్టె తిని, తిరుగు రైలెక్కి ఇంటికొచ్చాము. అంతే మా ప్రయాణం. వంతెన దాటడానికి పోయి, వంతెన దాటి వచ్చాము. శ్రీను నెల రోజులపాటు ఇంట్లో ఆ చప్పుడు నోటితో చేస్తూ తిరిగాడు.

రాయచూరు కోట నేను పుట్టినప్పటినుంచీ చూస్తున్నదే. దాని పక్కనుంచే బడికి పోయేదాన్ని. కానీ గోడలో ఒక పెద్ద బండ ఉందని, ఆ బండను బండిమీద ఎలా లాక్కొచ్చారో అక్కడే బొమ్మ చెక్కి ఉందని నాకు చూపించింది దేవసూగూరులో ఉండే చిన్నాయన. మమ్మల్ని ముగ్గుర్నీ గోడ పక్కన చేతులు చాపి నిలబెట్టాడు. మా చేతులన్నీ కలిపినా బండ పొడుగుకు సగం కూడా రాలేదు. నాలుగో మనిషిగా తనూ వచ్చి నిలబడ్డాడు. అప్పటికీ చాలలేదు. దారినపోయే ఒక ముసలాయనను పిలిచి, "జరా హాత్ దేవ్ చచ్చా" అని ఆయన చెయ్యి కూడా పట్టుకున్నాడు. ఆయనెవరో ఏమో, నవ్వుకుంటూ మాతోపాటు కోట గోడకు వీపానించి నిలబడ్డాడు.

"బండి గుంజెటోల్ల బొమ్మ గూడ చెక్కిండ్రు చూసినవా" అన్నాడు చిన్నాయన నాతో. "రాజు బొమ్మ ఏడన్న ఉంటది. బండి గుంజినోడి బొమ్మ ఈడనే ఉన్నది." ఆ మాట ఆయనకు ఎందుకు అంత ముఖ్యమో అప్పుడు నాకు అర్థం కాలేదు. ఆయన పని ఏమిటో తెలిసినా, రెండింటినీ కలిపి చూసే వయసు కాదు.

ఆయనకొక అలవాటు ఉండేది. ఏ ఊరికి పోయినా, బస్సు దిగగానే మొదట కనిపించిన మనిషిని ఒకే ప్రశ్న అడిగేవాడు. తెలుగువాళ్లయితే, "ఈడ పిల్లలకు చూపియ్యనీకె ఏమున్నది?" కన్నడం వాళ్లయితే, "మక్కళిగి తోర్సాక ఏనైత్రీ ఇల్లి?" ఎవరైనా చెప్పే జవాబు ఒక్కటే, ఏమీ లేదని. ఆయన దానికి నిరాశపడేవాడు కాదు. అక్కడే కూర్చుని చాయ్ చెప్పేవాడు. చాయ్ సగమయ్యేసరికి ఆ ఏమీ లేదన్న మనిషికే ఏదో ఒకటి గుర్తొచ్చేది.

ఒకసారి లింగసుగూరు పోతుంటే కల్మల దగ్గర బస్సు చెడిపోయింది. చిన్నాయన యథాప్రకారం హోటలు దగ్గర ఒక ముసలి రైతును అడిగాడు. "ఏనూ ఇల్ల" అన్నాడు ఆయన, చెయ్యి తిప్పేస్తూ. చాయ్ తాగాడు. తర్వాత లేచి, మమ్మల్ని వెంట రమ్మని తలూపాడు. ఊరి చివర ఒక ఎద్దును పడుకోబెట్టి, కాళ్లు తాడుతో కట్టి, గిట్టలకు నాడాలు కొడుతున్నారు. ఎద్దుకు నాడాలుంటాయని నాకు అంతవరకూ తెలియదు. పద్మ భయపడి చిన్నాయన లుంగీ పట్టుకుంది. నాడా కొట్టే మనిషి మమ్మల్ని చూసి, ఒక పాత నాడా తీసి పద్మ చేతిలో పెట్టాడు. బస్సు బాగయ్యి హారన్ కొట్టినా మేము కదల్లేదు. ఆ రోజు మేము లింగసుగూరు పోనే లేదు.

"ఏం లేదన్న ఊర్ల ఏదో ఒకటి ఉంటది" అనేవాడు చిన్నాయన. "అడిగెటోడు రాక వాల్లు మర్చిపోయుంటరు."

ఇంకొకటి కూడా చెప్పాలి. నీ పని చూపించమని మేము ఎన్నిసార్లు పోరుపెట్టినా ఆయన వల్ల కాలేదు. కరెంటు కేంద్రం లోపలికి పిల్లల్ని రానివ్వరు. ఒకరోజు పొద్దున రైల్వే గేటు దగ్గరికి తీసుకుపోయి, గట్టుమీద కూర్చోబెట్టాడు. బొగ్గు నిండిన రైలు వచ్చింది. ఎంతకూ తెగదు. వ్యాగను వెనక వ్యాగను మెల్లగా లోపలికి పోతూనే ఉంది.

"ఒక్కొక్క డబ్బను మిషన్ల పెట్టి పట్టుకుంటం. పట్టుకోని గిట్ల..." అని తన రెండు చేతులతో గిన్నె బోర్లించినట్టు చూపించాడు. "మొత్తం డబ్బనే తలకిందులు చేస్తం. బొగ్గంత కింద పడ్తది. మల్ల నిలబెడ్తం."

"రైలు డబ్బనా?" అన్నాడు శ్రీను నోరు తెరుచుకుని.

"రైలు డబ్బనే."

ఆ ఏడాది శ్రీను బడిలో మా చిన్నాయన రైలును చేతులతో ఎత్తి బోర్లిస్తాడని చెప్పి, నమ్మనివాళ్లతో తన్నులాటకు దిగాడు.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ చెప్పడం తేలిక. తర్వాతది రాయడానికే ఇన్ని రోజులు పట్టింది.

నాకు పదకొండేళ్లప్పుడు మా క్లాసులో ఒక అమ్మాయి సంక్రాంతి తర్వాత హైదరాబాదు పోయి, అక్కడ కొత్తగా పెట్టిన నీళ్ల పార్కు చూసొచ్చింది. ఫోటోలు బడికి తెచ్చింది. నీలం రంగు గొట్టంలోంచి నీళ్లతోపాటు జారిపడుతున్న ఫోటో ఒకటి, చేతులు పైకెత్తి అలల్లో నిలబడ్డ ఫోటో ఒకటి. సెలవుల్లో నువ్వెక్కడికి పోతావని నన్నడిగింది. నేను కోట గోడ అని, రైలు గేటు అని చెప్పలేకపోయాను. ఆ ఎండాకాలం దేవసూగూరులో దిగిన మర్నాడే చిన్నాయనను అడిగాను, నీళ్ల పార్కుకు తీసుకుపొమ్మని.

"చూద్దాం బిడ్డా" అన్నాడు. రెండోరోజు అడిగాను. "ఈ ఏడు కాదు లే" అన్నాడు. మూడోరోజు సాయంత్రం ఆయన గడప మీద కూర్చుని, తనతో పనిచేసే ఒకాయనతో చాయ్ తాగుతున్నాడు. వాళ్ల ముందుకు పోయి నిలబడ్డాను.

"నేను రాను నీతోని ఏడికి" అన్నాను. "నీతోని పోతె అన్ని పుకట్ జాగలే. గోడలు, రాళ్లు, రైలుకట్టలు. నీ తాన పైసల్ లెవ్వని మాకు గివన్ని చూపిస్తున్నవ్."

వచ్చినాయన చాయ్ కప్పులోకి చూస్తూ ఉండిపోయాడు. లోపల చిన్నమ్మ గిన్నెల చప్పుడు ఆగింది. చిన్నాయన నన్ను తిట్టలేదు, నవ్వలేదు. కప్పులో మిగిలింది తాగి, కప్పు పక్కన పెట్టాడు.

"సరే" అన్నాడు. "ఈ పారి నువ్వే తీస్కపో. ఏడికి పోవాల్నో నువ్వే చెప్పు. నేను నీ ఎంబడి వస్త."

నేను పట్టుదలగా ఆలోచించాను. నీళ్లుండాలి. పైసా ఖర్చులేని పుకట్‌ది కాకూడదు. పుకట్‌దయినా పార్కులా ఉండాలి. అంతకుముందు దసరాకు చిన్నాయన స్నేహితుడి ఇంట్లో పెళ్లికని సింధనూరు అవతల బాళగనూరు పోయాము. అక్కడ తుంగభద్ర కాలువ ఒడ్లు ఒరుసుకుని పారుతోంది. రెండువైపులా పచ్చటి వరి. కాలువలో పిల్లలు గట్టుమీదినుంచి దూకుతున్నారు. నాకది గుర్తొచ్చింది. "బాళగనూరు కాలువకు పోదాం" అన్నాను.

చిన్నాయన ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు. ఏదో అనబోయాడు. అనలేదు. "సరే లీడర్" అన్నాడు.

ఆ రోజు ఆయన నిజంగానే చిన్నపిల్లాడిలా వెనకే నడిచాడు. రాయచూరు బస్టాండులో సంచీ పట్టుకుని నిలబడి, "ఏ బస్సెక్కాలె లీడర్?" అన్నాడు. నాకు తెలియదు. పోయి అడిగొచ్చాను. సింధనూరులో దిగి బస్సు మారేటప్పుడు, "దూప అయితుంది లీడర్" అన్నాడు. నేను ఒక్క సీసానే నింపుకొచ్చాను. అది పద్మ మాన్విలోనే తాగేసింది. మళ్లీ నీళ్లు వెతికి పట్టుకొచ్చాను. బాళగనూరు చేరేసరికి ఎండ నెత్తిమీదికొచ్చింది. తువ్వాళ్లు భుజాన వేసుకుని, శ్రీను ముందు పరిగెడుతుంటే కాలువ కట్ట ఎక్కాము.

కాలువలో నీళ్లు లేవు.

చుక్క లేదు. అడుగంతా బీటలు పడ్డ ఒండ్రు. అవతలి వైపు పొలాల్లో వరి కొయ్యకాళ్లు. దసరాకు పిల్లలు దూకిన గట్టు మీద ఒక మేక నిలబడి మమ్మల్ని చూస్తోంది.

శ్రీను నా వైపు తిరిగి, "అక్కా, నీళ్లేయే?" అన్నాడు. నేను కట్టమీద అలాగే కూర్చుండిపోయి ఏడ్చాను. చిన్నాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. ఊరుకోమనలేదు. తువ్వాలు తీసి నా నెత్తిమీద కప్పాడు, ఎండకు. ఏడుపు కొంచెం తగ్గాక, "ఇప్పుడేం జేద్దాం లీడర్?" అన్నాడు.

"ఇంటికి పోదాం."

"బస్సు మూడింటికే ఉన్నది. గప్పటిదాంక?"

నాకు ఆయన మీద, కాలువ మీద, నా మీద ఒకేసారి కోపమొచ్చింది. అప్పుడే కట్టమీద గడ్డిమోపుతో ఒకావిడ వస్తోంది. లేచి ఆమెకు అడ్డంపోయి, ఏడుపు గొంతుతోనే అడిగేశాను. "ఈడ పిల్లలకు చూపియ్యనీకె ఏమున్నది?"

ఆమె మోపు దించింది. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద పొలాలు చేసుకుంటున్న కుటుంబం ఆమెది. మాట వినగానే తెలిసింది.

"అయ్యో, కాలవ కట్టేసి నెల దాటిందమ్మా! ఎండాకాలం నీళ్లొదలరు కదా. ఇంత ఎండలో పిల్లల్నేసుకుని ఎక్కణ్ణుంచి వచ్చారండీ?" అని చిన్నాయనను అడిగింది.

"దేవసూగూరు నుంచమ్మా. ఈ పిల్లనే తీసుకొచ్చింది మమ్మల్ని" అన్నాడు చిన్నాయన.

ఆమె నన్ను చూసి, ఆ మొహంలో ఏం కనిపించిందో ఏమో, "చూపించడానికి ఏముంటుంది తల్లీ ఇక్కడ..." అని ఆగింది. తర్వాత, "కాలవలోకి దిగారా ఎప్పుడైనా? నీళ్లున్నప్పుడు ఎవరికీ కనపడదది. రండి" అంది.

మెట్లమీదుగా కాలువ అడుగుకు దిగాము. రెండువైపులా మా తలలకు ఎంతో పైదాకా లేచిన ఒడ్లు. నీళ్లెంత ఎత్తున పారతాయో గోడమీద మరక గీసినట్టుంది. ఆ మరక చిన్నాయన నెత్తికి పైనుంది. మేము నది లోపల నడుస్తున్నట్టే నడిచాము. వంతెన కిందికి పోయేసరికి ఒక్కసారిగా చల్లబడింది. అక్కడ మిగిలిన ఒక గుంటలో చేపపిల్లలు కిటకిటలాడుతున్నాయి. తలెత్తి చూస్తే వంతెన కప్పు నిండా మట్టి గూళ్లు. వందలు. చిన్న చిన్న కుండలు అతికించినట్టున్నాయి. మా మాటల చప్పుడుకు పిట్టలు ఒక్కసారిగా లేచి, మా చెవుల పక్కనుంచే రివ్వుమని బయటికి పోయి, తిరిగి లోపలికి వచ్చాయి. పద్మ కేక వేసింది. ఆ కేక వంతెన కింద తిరిగి తిరిగి మోగింది. అంతే, ఇక శ్రీను ఆగలేదు. రైలు వంతెన చప్పుడు చేశాడు. చిన్నాయన కూడా చేశాడు. నేను కూడా చేశాను.

తర్వాత ఆమె మమ్మల్ని ఇంటికి తీసుకుపోయి, బోరు మోటారు వేసి సిమెంటు తొట్టి నింపింది. "దూకండమ్మా, మీ నీళ్ల పార్కు ఇదే అనుకోండి" అంది. పార్కు సంగతి ఆమెకు పద్మ చెప్పేసిందని అప్పుడర్థమైంది. మూడింటి బస్సు పోయేదాకా తొట్టిలోంచి లేవలేదు. ఐదింటి బస్సుకు బయల్దేరుతుంటే ఆమె మాకు మామిడిపళ్లు ఇచ్చింది. చిన్నాయన సంచీలో మిగిలిన జొన్నరొట్టెలు ఆమె తీసుకుంది. "మా ఇంట్లో వీటిని ఇంత పల్చగా చెయ్యడం ఎవరికీ రాదండీ" అని మురిసిపోయింది.

తిరుగు బస్సులో నేను చిన్నాయన పక్కన కూర్చున్నాను. ఆ రోజు ఆయనకు సీటు దొరికింది.

"ఎండాకాలం కాలువల నీళ్లుండయని నీకు తెల్సు గదా?" అన్నాను.

"తెల్సు."

"మరి చెప్పలేదేంది?"

మామిడిపళ్ల సంచీని ఒళ్లోకి సర్దుకున్నాడు. "పార్కుకు పోదామంటివి, లేదంటి" అన్నాడు. "మల్ల ఇది గూడ లేదనాల్నంటె నాకు నోరు రాలే బిడ్డా."

నేను తప్పు ఒప్పుకోలేదు. ఆ వయసులో ఎలా ఒప్పుకోవాలో తెలియదు. నిద్ర వచ్చినట్టు కళ్లు మూసుకుని ఆయన భుజం మీద తలపెట్టాను. ఆయనకు తెలిసే ఉంటుంది. రాయచూరు వచ్చేదాకా భుజం కదపలేదు.

పెద్దదాన్నయి, టీచరునయ్యాక మా చిన్నాయన గురించి అందరికీ గొప్పగా చెప్పుకునేదాన్ని. డబ్బుతో కొనే సరదాలు ఆయనకు ఇష్టం ఉండేవి కావని, పిల్లలు ఊళ్లను, మనుషులను చూసి నేర్చుకోవాలన్నది ఆయన సిద్ధాంతమని చెప్పేదాన్ని. ఒకసారి బడి వార్షికోత్సవంలో మైకులో కూడా చెప్పాను.

ఆరేడేళ్ల కిందట నా పిల్లలు పట్టుబడితే హైదరాబాదు నీళ్ల పార్కుకు బయల్దేరాము. అప్పటికి చిన్నాయన రిటైరయ్యాడు. ఆయన్నీ రమ్మన్నాను. ఇష్టపడడేమో అని భయపడుతూనే అడిగాను. ముందురోజే గడ్డం గీయించుకుని తయారయ్యాడు.

అరవై దాటిన మనిషి అక్కడ చెయ్యని పని లేదు. గొట్టం పైకి మెట్లెక్కిపోయి, నా కొడుకును ఒళ్లో కూర్చోబెట్టుకుని, అరుచుకుంటూ జారి కింద పడ్డాడు. లేచి మళ్లీ మెట్లవైపు నడిచాడు. అలల కొలను దగ్గర పిల్లలే అలిసిపోయి బయటికొచ్చారు గానీ ఆయన రాలేదు. మధ్యాహ్నం తడిబట్టలతో, వణుకుతూ నా పక్కన కూర్చుని బజ్జీలు తిన్నాడు.

"మస్తున్నది బిడ్డా ఇది" అన్నాడు.

నాకు ఆశ్చర్యమేసింది. "నీకు గిసుంటివి నచ్చయనుకున్న చిన్నాయనా. మరి మమ్మల్ని చిన్నప్పుడెందుకు తీస్కరాలే?"

"పైసల్ లేకుండె" అన్నాడు. "గంతే. ఉంటె తీస్కరాకపోతుంటినా?"

మైకులో చెప్పిన సిద్ధాంతం సంగతి చెప్పాను. పొలమారేదాకా నవ్వాడు. "నాదేం సిద్ధాంతమే! మీరు ముగ్గురు ఇంట్ల కూసోని మొకాలు యాలాడేసుకుంటె చూడలేకపోయెటోన్ని. చేతిల ఏం లేకుండె. బయట తిప్పిన."

అప్పుడు అడిగేశాను, ఇరవై ఏళ్లుగా గొంతులో ఉన్నది. "నేను ఆ రోజు నిన్ను గంత మాటన్న. నీ దోస్తు ముంగట. క్షమించు చిన్నాయనా."

"ఏ మాట?" అన్నాడు.

చెప్పాను. కాసేపు ఆలోచించినట్టు చూసి, "నాకు యాదికి లేదు పో" అన్నాడు. బాళగనూరు వంతెన కింద పిట్టల గూళ్లు ఏ వరసలో ఉన్నాయో యాదికున్న మనిషి. ఆ ఒక్కటి లేదన్నాడు. నేను ఇంక అడగలేదు. ఆయన లేచి, తువ్వాలు నాకిచ్చి, మళ్లీ గొట్టం వైపు పోయాడు.

ఇప్పుడు ఆలోచిస్తే నాకు ఆయన మీద గౌరవం అప్పటినుంచే పెరిగింది. సిద్ధాంతం ఉన్నవాడికి ఆ పని చెయ్యడం తేలిక. పిల్లలడిగింది ఇవ్వలేనని సిగ్గుపడుతూనే, ఆ సిగ్గును మాకు కనపడనీయకుండా, నిద్రలేని కళ్లతో, ఆఫ్ రోజు ఆఫ్ రోజుకూ ఒక కొత్త ఊరు వెతికిన మనిషి ఆయన. మా ముందు ఎప్పుడూ తక్కువైనదాన్ని చూపించలేదు. ఉన్నదాన్నే ముందు పెట్టి, ఇంతకంటే ఏం కావాలన్నట్టు నవ్వాడు. నా క్లాసు పిల్లల్ని సెలవులకు ముందు ఏదో ఒక చోటికి తిప్పుతుంటాను. బస్సు దిగినప్పుడల్లా ఆయన ప్రశ్న నా నోట్లోంచి వస్తుంది. ఏమీ లేదనే అంటారు. చాయ్ చెబుతాను.

ఇంత రాసి ఒక సంగతి రాయలేదు. ఈ తిరుగుళ్లలో దేనికీ చిన్నమ్మ రాలేదు. మొదట్లో మా నాయనమ్మ ఆ ఇంట్లోనే మంచంలో ఉండేది. ఆమె పోయాక పద్మ చదువు. హైదరాబాదు పోయిన రోజు పద్మ బాలింత. చిన్నాయన బయల్దేరేటప్పుడల్లా, "నువ్వు గూడ రారాదు" అనేవాడు, చిన్నమ్మ "ఇల్లెవరు చూస్తరు" అనేది. ఒకరు అడగడం, ఒకరు కాదనడం అలవాటైపోయింది. అంత తిప్పిన మనిషి ఆమెను ఒక్కసారైనా తిప్పలేకపోయాడు. ఆయన చేసిన లోటు ఏదైనా ఉంటే అదే. ఆయనకూ తెలుసు.

నెల మాసికం అయిపోయాక దసరా సెలవులొచ్చాయి. పిల్లలతో కలిసి అందరం దేవసూగూరు ఇంట్లో ఉన్నాము. నా పిల్లలు, పద్మ పిల్ల. రెండోరోజుకల్లా పిల్లలు గోడలు చూస్తూ కూర్చున్నారు. వాళ్లను కృష్ణ ఒడ్డుకు తీసుకుపోదామని అనుకుని, "చిన్నమ్మా, నువ్వు గూడ రా" అన్నాను.

"నేనేడికొస్తనే, ఇల్లెవరు చూస్త..." అని, మాట సగంలోనే ఆగింది. వంటింటివైపు చూసింది. ఖాళీ మంచం వైపు చూసింది. ఆ ఇంట్లో చూసుకోవాల్సినవాళ్లు ఎవరూ మిగల్లేదు. లేచి, కొంగు సవరించుకుని, చెప్పులు వేసుకుంది.

నది అవతలి గడ్డకు జనాన్ని దాటించే పుట్టి ఒకటి ఒడ్డున ఉంది. గుండ్రటి బుట్టలాంటి పడవ. చిన్నమ్మ దానిలోకి దిగడానికే పదినిమిషాలు పట్టింది. నడుమ కూర్చుని, రెండు చేతులతో అంచు పట్టుకుంది. నడి నీళ్లలోకి పోయాక, పిల్లల సంబరం కోసం పుట్టి నడిపేవాడు తెడ్డుతో దాన్ని గిర్రున తిప్పాడు. పిల్లలు కేకలు పెట్టారు. చిన్నమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి, దేవుణ్ణి తలచుకుంటోందో, మరెవరినో. పద్మ గాభరాపడి, "చాలు, ఆపు అన్నా" అంది. పుట్టి మెల్లగా నిలిచింది.

చిన్నమ్మ కళ్లు తెరిచి మా అందరినీ చూసింది.

"ఆపిండేంది?" అంది. "ఇంకో పారి తిప్పమనరాదు."

అతను మళ్లీ తెడ్డు వేశాడు. ఈసారి ఆమె కళ్లు మూసుకోలేదు. ఒక చెయ్యి అంచునుంచి తీసి, వేళ్లు నీళ్లలో ముంచింది. ఒడ్డూ బండలూ ఆకాశమూ ఆమె చుట్టూ తిరుగుతున్నాయి. ఆమె వేళ్లు నీళ్లమీద గుండ్రంగా ఒక గీత గీస్తూ పోతున్నాయి. గీసినంత మేరా వెనకనుంచి నీళ్లు కలిసిపోతున్నాయి, ముందునుంచి కొత్తగా గీత పడుతూనే ఉంది.